పేరొకటి, కణమొకటి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయము 25 సంవత్సరములు నిండి రజతోత్సవము జరుపుకొనుచున్న శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నన్ను పిలిచిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. ఇట్టి సభలలో గ్రంథాలయముల గొప్పదనమును గూర్చి ప్రసంగించుట ఆచారము. ఆ గొప్పదనము నాకంటె మీకే ఎక్కువగా తెలియును. ఎండలోను, వానలోను వచ్చి పుస్తకము మార్చుకొని పోవువారు మీరే గదా! అందుచేత నేడు నేను వేరొక విషయము నెన్నుకొంటిని. అది వైద్యశాస్త్రమునకు సంబంధించినది. లోకములోని పెద్ద పెద్ద పరిశోధనశాలలలో క్యాన్సరును గూర్చి పరిశోధించుటకు పెంచు కణములలో అనేకము వాటి సీసాలపై వ్రాసియున్న పేరునకు చెందినవి కావని తేలినది. ఈ సంగతి ఎట్లు జరిగినది, ఎట్లు బయటపడినది, దానివలన ఎవరికి నష్టము కలిగినది అను మూడు విషయములను మీకు విన్నవింపదలచితిని.

"పల్లెటూరివారికి ఈ గొడవ యెందుకు?" అని ఎవరైన అనవచ్చును. క్యాన్సరు పట్టణమని, పల్లెయని చూడదు. ఆ వ్యాధి ఇంటిలో ప్రవేశించినప్పుడు పొలము తాకట్టు పెట్టియైనను వైద్యము చేయించుకొను కుటుంబములు ఏ గ్రామములో లేవు? "క్యాన్సరు కణములను చంపు క్రొత్త మందు కనుగొనబడినది" అని పత్రికలో చదివినప్పుడు ఆ కుటుంబము ఎంత ఆశతో చూచునో చెప్పనక్కరలేదు. ఆ వార్తలోని కణములు ఎవరివో, అవి నిజముగా ఆ వ్యాధివేనా అని అడుగు హక్కు మనకు కలదు. అడుగవలెనన్న కొంత తెలియవలెను.

మన శరీరము కోటానుకోట్ల కణములతో నిర్మింపబడినది. శరీరమునుండి తీసిన కణములను గాజుపాత్రలో పోషకద్రవము పోసి, తగినంత వెచ్చదనములో ఉంచినచో కొంతకాలము బ్రదుకును. సాధారణ కణములు కొన్ని పర్యాయములు విభజన చెంది ఆగిపోవును. కొన్ని క్యాన్సరు కణములు మాత్రము ఆగవు. ఒకటి రెండగును, రెండు నాలుగగును, ఆహారము దొరికినంత కాలము పెరుగుచునే యుండును. ఇట్లు ఒకే మనిషినుండి వచ్చి తరతరములుగా పెరుగుచున్న కణములను కణసంతతి యందురు. మన ఇండ్లలో పెరుగు తోడు సంగతి మీకు తెలిసినదే. ఒక ఇంటి తోడు పొరుగింటికి పోవును, అక్కడినుండి మరియొక ఇంటికి పోవును. కొన్నాళ్లకు ఆ తోడు మొదట ఎవరి ఇంటిదో చెప్పగలవా రుండరు. కణసంతతులును అట్లే ఒక పరిశోధనశాలనుండి మరియొక పరిశోధనశాలకు చేతులు మారుచు దేశదేశములకు వ్యాపించినవి.

మనుష్య కణసంతతులలో మొట్టమొదట నిలద్రొక్కుకొన్నది హీలా యనునది. దాని చరిత్ర ఒక పేద స్త్రీ చరిత్ర. ఆమె పేరు హెన్రియెట్టా లాక్స్. 1920లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రములో ఒక నీగ్రో కుటుంబములో జన్మించి, పొగాకు పొలములలో పనిచేయుచు పెరిగినది. ఐదుగురు బిడ్డల తల్లి. 1951వ సంవత్సరారంభమున బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి పోగా, గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు ఉన్నట్లు వైద్యులు కనుగొనిరి. చికిత్స చేయు సమయమున ఆ గడ్డనుండి చిన్న ముక్కను తీసి, అక్కడనే పరిశోధనశాల నడుపుచున్న జార్జి గై అను శాస్త్రవేత్తకు పంపిరి. ఆమెను గాని, ఆమె కుటుంబమును గాని అనుమతి అడిగినవారు లేరు. ఆమె 1951 అక్టోబరు 4వ తేదీన 31 సంవత్సరముల వయస్సున మరణించినది. ఆమె కణములు మాత్రము నేటికిని బ్రదికియున్నవి.

అంతకుముందు గై ప్రయత్నించిన మనుష్య కణము లెన్నియో కొద్ది దినములలో చచ్చిపోయినవి. ఈ కణములు సుమారు ఒక దినములో రెట్టింపగుచుండెను. గై వాటిని అడిగినవారికెల్ల ఉచితముగా పంపెను. పోలియో టీకా పరీక్షలలో అవి ఎంతో ఉపకరించినవి. అందుకొరకు టస్కెగీ అను ఊరిలోని నీగ్రో విద్యాసంస్థలో వాటిని పెద్దయెత్తున పెంచి పంపిణీ చేసిరి. మన బిడ్డలకు పోలియో చుక్కలు వేయించుకొన్న తల్లులందరును ఆమెకు కొంత ఋణపడియున్నారనుట అతిశయోక్తి కాదు. ఆ కుటుంబమునకు ఈ సంగతి 20 సంవత్సరములు గడచిన తరువాతగాని తెలియలేదు.

ఇక కల్తీ సంగతి చెప్పెదను. హీలా కణములు ఎంత ఉపయోగకరములో అంత చొరవ గలవి. వరిచేనిలో తుంగ పడినట్లని అనుకొనుడు. నెమ్మదిగా పెరుగు కణములున్న పాత్రలో ఒక్క హీలా కణము పడినను చాలును. కొన్ని వారములలో అసలు కణములు మరుగునపడి, పాత్రనిండ హీలాయే మిగులును. అది పడుటకు దొంగలెవ్వరును రానక్కరలేదు. రెండు కణసంతతులకు ఒకే గాజుగొట్టముతో ద్రవము పోసినను, ఒకే సీసాలోని పోషకద్రవమును రెండింటికి వాడినను, అలసిన చేతితో ఒక పాత్రమీద మరియొక పాత్ర పేరు వ్రాసినను చాలును. చూచుటకు కణములు ఇంచుమించు ఒకేరీతిగా నుండును. సూక్ష్మదర్శినిలో చూచి పోల్చుకొనుట నిపుణులకును కష్టమే. పైనున్న చీటీ మాత్రము మారదు. "ఇది కాలేయ కణము" అని చీటీ చెప్పుచునే యుండును.

1950-60 సంవత్సరముల మధ్య అనేక కణసంతతులు వెలసినవి. ఇది స్వరపేటిక క్యాన్సరనిరి, ఇది నోటి క్యాన్సరనిరి, ఇది కాలేయమనిరి, ఇది ప్రేగు అనిరి. శాస్త్రవేత్తలు సంతోషించిరి. 1966లో అమెరికాలో బెడ్‌ఫర్డ్ అనుచోట కణసంవర్ధన నిపుణుల సభ యొకటి జరిగినది. ఆ సభకు స్టాన్లీ గార్ట్లర్ అను జన్యుశాస్త్రవేత్త వచ్చెను. ఆయన కణసంవర్ధనములో పేరెన్నికగన్నవాడు కాడు. తన పనికొరకు వేర్వేరు మనుష్యుల కణములు కావలసి, 18 కణసంతతులను తెప్పించి, వాటిలోని కొన్ని ఎంజైములను పరీక్షించెను. ఒక ఎంజైములో ఎ, బి అను రెండు రూపములున్నవి. ఎ రూపము దాదాపుగా ఆఫ్రికా సంతతివారిలోనే కనబడును. ఆయన పరీక్షించిన 18 సంతతులలోను ఎ రూపమే కనబడినది. వీటిలో తెల్లవారినుండి తీసినవని నమోదైనవియు ఉన్నవి. హెన్రియెట్టా లాక్స్ కణములలోను ఆ రూపమే కలదు. ఇవన్నియు హీలాయే అయియుండవలెనని గార్ట్లర్ సభాముఖమున ప్రకటించెను.

ఆ సభలో ఎట్టి నిశ్శబ్దము ఆవరించియుండునో మీరే ఊహించుకొనుడు. సంవత్సరముల తరబడి కాలేయమని నమ్మి కాలేయమును గూర్చి వ్యాసములు వ్రాసినవారు ఆ సభలోనే యున్నారు. 1968లో ఆయన తన ఫలితములను "నేచర్" అను పత్రికలో ప్రకటించెను. కొందరు విని సరిదిద్దుకొనిరి. అనేకులు తమ పాత్రలో అట్టి కల్తీ లేదని తమకు తామే ధైర్యము చెప్పుకొని పని సాగించిరి.

ఆ తరువాత ఈ బాధ్యతను నెత్తిన వేసికొన్నవాడు వాల్టర్ నెల్సన్-రీస్. ఆయన కాలిఫోర్నియాలో ఒక కణభాండారమును నడుపుచుండెను. మనుష్యుని సాధారణ కణములో 46 క్రోమోజోములుండును. హీలా కణములలో వాటి సంఖ్య చాల ఎక్కువ. అంతేకాక, విరిగి అతుకుకొని ఏర్పడిన కొన్ని ప్రత్యేక క్రోమోజోములు వాటిలో కలవు. రంగు వేసి చూచినచో వాటిపై చారలు కనబడును. పశువులమీది వాతలు చూచి ఇది ఫలానివారి ఎద్దని మనము గుర్తించినట్లు, ఆయన ఈ చారలను చూచి హీలాను గుర్తించుచుండెను. 1970 దశకారంభమున సోవియట్ యూనియనునుండి అమెరికాకు పంపబడిన క్యాన్సరు కణములను పరీక్షించగా అవియు హీలాయే అని తేలినది. 1974, 1976, 1981 సంవత్సరములలో ఆయన కల్తీ సంతతుల జాబితాలను, అవి ఏ పరిశోధనశాలనుండి వచ్చినవో పేర్లతోసహా, "సైన్స్" పత్రికలో ప్రకటించెను.

నిజము చెప్పినవానికి సన్మానము వెంటనే లభించునా? ఆయనకు అనేకులు విరోధులైరి. పరువు తీయుచున్నాడనిరి. కొంతకాలమునకు ఆయన ఆ పనిని విడిచిపెట్టెను. తరువాతికాలములో అదే రంగమువారు ఆయన కృషిని మెచ్చుకొని గౌరవించిరి. కాని ఈ నడుమ ఒక తరమునకు చెందిన పరిశోధకులు ఆ జాబితాలను చదువక, చదివినను మరచి, అవే కణములను అవే పేర్లతో వాడుచు వచ్చిరి.

ఈ దోషము హీలాతో ముగియలేదు. 1976లో అమెరికాలో ఒక రొమ్ము క్యాన్సరు రోగినుండి తీసిన కణసంతతి యొకటి కలదు. దానిని ఎం.డి.ఎ.-ఎం.బి.-435 అందురు. రొమ్ము క్యాన్సరు ఇతర అవయవములకు ఎట్లు ప్రాకునో తెలిసికొనుటకు వందలకొలది పరిశోధనలలో దానిని వాడిరి. 2000వ సంవత్సరమున దానిపై అనుమానము కలిగినది. తదుపరి పరీక్షలలో అది ఎం-14 అను మరియొక సంతతితో సమానమని తేలినది. ఎం-14 చర్మమునకు రంగునిచ్చు కణములలో పుట్టు క్యాన్సరునకు చెందినది, అదియును ఒక పురుషునిది. స్త్రీల వ్యాధిని గూర్చి తెలిసికొనుటకు పెంచిన కణములు మరియొక వ్యాధిగల పురుషుని కణములైనవి. అట్లే 1990లో జపానులో రక్తనాళపు లోపలిపొర కణములని ప్రకటింపబడిన ఇ.సి.వి.-304 అను సంతతి మూత్రాశయ క్యాన్సరు కణములని 1999లో జర్మనీవారు నిరూపించిరి.

అన్నిటికంటె మనస్సును కలచివేయునది అన్నవాహిక క్యాన్సరు సంగతి. ఒక రకపు అన్నవాహిక క్యాన్సరునకు ప్రపంచమంతటను లభించు కణసంతతులు బహు కొద్ది. వాటిలో మూడు సంతతులు ఆ వ్యాధివి కావని 2010లో తేలినది. ఒకటి ఊపిరితిత్తులది, ఒకటి పెద్దప్రేగుది, ఒకటి జీర్ణకోశముది. అప్పటికే వాటి ఆధారముగా 100కు పైగా శాస్త్రవ్యాసములు వెలువడినవి, 11 అమెరికా పేటెంట్లు వచ్చినవి. ఆ ఫలితములను నమ్మి రోగులపై ఔషధ పరీక్షలును సాగుచుండెను. నా మాటలలోని బాధ ఇక్కడ నున్నది. సీసాపై తప్పుపేరు వ్రాయబడిన నాడు అది ఒక చిన్న పొరబాటు. ఆ చీటీ వ్యాసములోనికి పోయి, వ్యాసము మందులోనికి పోయి, మందు రోగి మంచము దగ్గరకు వచ్చిననాడు అది చిన్న పొరబాటు కాదు. ఆ రోగికి మిగిలియున్న కాలము బహు స్వల్పము. ఆ కాలమును మనము తప్పుదారిలో వ్యయము చేయించినవారమగుదుము.

ఈ దోషము ఎంత విస్తృతమో చెప్పుటకు రెండు లెక్కలు చాలును. 1999లో జర్మనీలోని జాతీయ కణభాండారమువారు తమకు వచ్చిన 252 మనుష్య కణసంతతులను పరీక్షింపగా 45 కల్తీవని తేలినది. అనగా నూటికి 18 వంతులు. 2017లో నెదర్లాండ్సుకు చెందిన ఇద్దరు పరిశోధకులు గ్రంథసూచికలను వెదకి, తప్పుపేరుగల కణములతో చేసిన పరిశోధనలను తెలుపు వ్యాసములు 32,755 కలవని లెక్కగట్టిరి. ఆ వ్యాసములను ఆధారముగా చూపిన వ్యాసములు సుమారు 5 లక్షలని అంచనా వేసిరి. ఇవన్నియు పూర్తిగా పనికిరానివని నా భావము కాదు. కొన్ని పరిశోధనలకు కణము ఏ అవయవమునకు చెందినదైనను ఫలితము మారదు. కాని ఏది నిలుచును, ఏది నిలువదు అని చదువరి తెలిసికొనుటకు ఆ వ్యాసములపై సాధారణముగా ఏ గుర్తును లేదు. మన పూర్వపు ముద్రాపకులు పుస్తకము చివర తప్పొప్పుల పట్టిక వేసెడివారు. చదువరి ముందుగా ఆ పట్టికను చూచి, కలముతో దిద్దుకొని, తరువాత చదివెడివాడు. లోకములోని విజ్ఞాన భాండారములో వేలకొలది వ్యాసములు అట్టి పట్టిక లేకయే యున్నవి.

విరుగుడు లేదా? కలదు, అది కష్టమైనదియు కాదు. ప్రతి మనుష్యుని డి.ఎన్.ఏ.లో కొన్నిచోట్ల చిన్న చిన్న అక్షరమాలలు మరల మరల వచ్చుచుండును. ఎన్నిసార్లు వచ్చుననునది మనిషి మనిషికి మారును. అట్టి స్థానములు కొన్నిటిని లెక్కించినచో మనిషి గుర్తు తెలియును. నేరపరిశోధనలో వాడునది ఈ పద్ధతియే. డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనుగొనెను. మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో లాల్జీ సింగ్ 1988లో తన స్వంత పద్ధతిని రూపొందించి, దానిని మన న్యాయస్థానములకు పరిచయము చేసెను. ఒక బిడ్డ తండ్రి ఎవరో తేల్చు విద్యకు బంధువైనదే ఒక కణసంతతి మూలము ఎవరో తేల్చు విద్య. 2011లో అమెరికాలో ఇందుకొక ప్రమాణము ఏర్పడినది. మొదట కనీసము 8 స్థానములను పరీక్షింపవలెననిరి, తరువాత ఆ సంఖ్యను 13కు పెంచిరి. 2012లో ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడి, తప్పుపేరుగల సంతతుల జాబితాను నడుపుచున్నది. ఆ జాబితాలో 500కు మించిన పేర్లు చేరినవి. దానిని ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. అనేక పత్రికలు, ధనసహాయము చేయు సంస్థలు కణముల గుర్తింపును పరీక్షించితిరా అని ఇప్పుడు అడుగుచున్నవి.

పరిశోధన మొత్తమునకు అగు వ్యయములో ఈ పరీక్షకు అగునది బహు స్వల్పము. అయినను చేయనివారు నేటికిని కలరు. కారణము ధనము కాదు. ముప్పది సంవత్సరముల కృషి చెడునేమోయను భయము, మంచి పేరుగల పరిశోధనశాలనుండి వచ్చినది కల్తీ యగునా యను మొగమాటము, అడిగినచో పంపినవారు నొచ్చుకొందురేమోయను సంకోచము. ఇవి పల్లెలో మనకును తెలిసినవే. బంధువు ఇచ్చిన విత్తనములను నీళ్లలో వేసి చూచుటకు మొగమాటపడిన రైతు, చేనిలో బెరకు కనబడిన తరువాత ఎవరితో చెప్పుకొనును? పరీక్షించుట అవమానించుట కాదు. ఇచ్చినవానికిని, పుచ్చుకొన్నవానికిని అదియే రక్ష.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయుట నా విధి. ఈ మాటలు విని "అయితే క్యాన్సరు మందులన్నియు బూటకమే" అని ఎవ్వరును తలపరాదు. ఆసుపత్రిలో వాడుకలోనున్న చికిత్సలు గాజుపాత్రలోని కణములను మాత్రమే నమ్మి వచ్చినవి కావు. అవి వేలకొలది రోగులపై క్రమపద్ధతిని పరీక్షింపబడి నిలిచినవి. గడ్డ కనబడినను, మానని పుండు కనబడినను, అకాల రక్తస్రావము కనబడినను ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోవలెను. హెన్రియెట్టా లాక్స్‌ను బలిగొన్న ఆ వ్యాధిని నేడు ముందుగా గుర్తించుటకు పరీక్షయు, నివారించుటకు టీకాయు కలవు. ఈ సభలోనున్న తల్లులు ఆ సంగతిని తమ కూతుండ్రకు తప్పక చెప్పవలెను. నేను సంశయింపుమనుచున్నది చికిత్సను కాదు. "ప్రయోగశాలలో కణములు చచ్చినవి" అను ఒక్క వార్తను చూచి, నడచుచున్న చికిత్సను మానివేసి, ఎవరో అమ్ము పొడికిని కషాయమునకును పరుగెత్తుటను సంశయింపుమనుచున్నాను.

చివరకు మన గ్రంథాలయమునకు వచ్చెదను. ఇచ్చట పుస్తకము చేరిన నాడే దానికొక సంఖ్య వేసి చిట్టాలో వ్రాయుదురు. ఎవరు ఇచ్చిరి, ఎన్నడు వచ్చినది, ఎవరు తీసికొనిపోయిరి అని వ్రాసియుండును. సంవత్సరమున కొకసారి బీరువాలు దించి, చిట్టాతో పోల్చి చూతురు. ఒక అట్టలో మరియొక పుస్తకమున్నచో ఆనాడు బయటపడును. ఇది విసుగుపుట్టించు పని. దీనికి ఎవ్వరును పూలమాల వేయరు. కాని ఆ మహాపరిశోధనశాలలలో లోపించినది ఈ చిన్న పనియే. పెద్ద భవనములు, విలువైన యంత్రములు, గొప్ప బిరుదులు ఉండియు, చిట్టా సరిచూచువాడు లేనందున లోకము ఇంత నష్టపోయినది. 25 సంవత్సరములుగా ఆ చిట్టాను తప్పక వ్రాయుచు వచ్చిన మన గ్రంథపాలకులకు నేడు నేను చేయు నమస్కారము మర్యాదకొరకు చేయునది కాదని మనవి.

ఆ పేద తల్లి పేరును సైతము లోకము చాలకాలము తప్పుగానే చెప్పుకొన్నది. హెలెన్ లేన్ అని పుస్తకములలో వ్రాసిరి. నేడు ఆమె సరియైన పేరు తెలిసినది. 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ ఆమె కుటుంబముతో ఒడంబడిక చేసికొని, ఆమె కణముల జన్యువివరములను ఎవరు వాడవలెనో నిర్ణయించు సంఘములో ఆ కుటుంబమువారికి స్థానమిచ్చినది. ఆలస్యముగనైనను న్యాయము కొంత జరిగినది. వస్తువునకు సరియైన పేరు పెట్టుట విజ్ఞానమునకు మొదటి మెట్టు, మనిషిని సరియైన పేరుతో పిలుచుట మర్యాదకు మొదటి మెట్టు. రెండింటిని నేర్పు స్థలము గ్రంథాలయమే. మన గ్రంథాలయము ఇట్లే వర్ధిల్లి స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక!